పైగుడ్డ, అస్తరు, మధ్యనున్న కుట్టు

కన్నును, చెవిని, హృదయాన్ని తలచుకుని అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకోవడం మనకు అలవాటే. ఆ వరుసలో చర్మాన్ని కూడా చేర్చి తలచుకునేవారు తక్కువ. అది చిరగనంత కాలం మనకు గుర్తే రాదు. మా ఇంట మాత్రం గడచిన తొమ్మిదేళ్లుగా దాన్ని తలచుకోని పూట లేదు.

మేము గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో దర్జీ దుకాణం నడుపుకునే దంపతులం. మా చిన్నబాబుకు పుట్టుకతో వచ్చిన చర్మవ్యాధి ఉంది. దాని పేరు ఎపిడెర్మోలైసిస్ బులోసా. పలకడానికి మాకే ఏడాది పట్టింది. వైద్యులు క్లుప్తంగా 'ఈబీ' అంటారు. ఇటువంటి బిడ్డలున్న కుటుంబాలు పరదా చాటునే ఉండిపోతున్నాయి. వారికి ధైర్యం కలగాలని, ఇరుగుపొరుగు వారికి విషయం తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా వృత్తి భాషలోనే చెబితే ఈ వ్యాధి తేలికగా అర్థమవుతుంది. మంచి షేర్వాణీకి పైగుడ్డ వేరు, లోపలి అస్తరు వేరు. రెండూ జారిపోకుండా మధ్యలో కుట్టు ఉంటుంది. మనిషి చర్మం కూడా అలాగే పైపొర, లోపొరగా ఉంటుంది. ఆ రెంటినీ పట్టి ఉంచే సన్నని దారాలు కొన్ని మాంసకృత్తులతో తయారవుతాయి. వాటిలో ఏడవ రకపు కొలాజెన్ అనేది ముఖ్యమైనది. దాన్ని ఎలా తయారు చేయాలో చెప్పే జన్యువులో లోపముంటే దారం తయారు కాదు, లేదా తయారైనా నిలవదు. అప్పుడు కొద్దిపాటి రాపిడికే పైపొర లేచి, నీటిపొక్కుగా మారి, పుండవుతుంది. మా బాబుకున్నది ఈ రకమే. మరికొందరు బిడ్డలలో లామినిన్ అనే వేరొక మాంసకృత్తు లోపిస్తుంది. కుట్టు తెగిన చోటు వేరైనా బాధ ఒకటే.

మా బాబు పుట్టిననాడే ఎడమకాలి మోకాలి కింద చర్మం లేదు. పుట్టిన చోట అక్కడి సిబ్బందికి ఈ వ్యాధి పరిచయం లేదు. సెలైన్ సూదిని నిలపడానికి చేతికి అంటుపట్టీ వేశారు. దాన్ని ఊడదీసినప్పుడు దానితోపాటు చర్మమూ వచ్చింది. ఎవరినో నిందించడానికి ఈ సంగతి చెప్పడం లేదు. ఇటువంటి బిడ్డ ఒంటిమీద అంటుకునే పట్టీ ఏదీ వేయరాదని, చంకల కింద చేతులు పెట్టి ఎత్తరాదని, పిరుదుల కింద, మెడ కింద అరచేతులు చాచి మెత్తని గుడ్డతో సహా ఎత్తాలని చదివినవారు పదిమందికి చెబుతారనే ఆశతో చెబుతున్నాము.

మా దినచర్య ఫజర్ నమాజు తర్వాత మొదలవుతుంది. ముందు పాత పట్టీలను గోరువెచ్చని నీటితో నానబెడతాము. రాత్రి లేచిన పొక్కులను శుద్ధమైన సూదితో పక్కనుంచి గుచ్చి నీరు తీస్తాము. తీయకపోతే పొక్కు చుట్టూ పాకి పెద్దదవుతుంది. పై తొక్కను మాత్రం తీసివేయకూడదు. అదే పుండుకు దుప్పటి. ఆ తర్వాత వాజలీన్ పూసిన జాలీగుడ్డ, దానిపైన దూది, దానిపైన చుట్టుపట్టీ. వేళ్లు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి పిడికిలి మూసుకుపోయే ప్రమాదం ఈ వ్యాధిలో ఉంది. కనుక ప్రతి వేలికీ విడిగా పట్టీ చుట్టాలి. గంటన్నర పడుతుంది. ఎండాకాలంలో చెమటకు పొక్కులు పెరుగుతాయి. అప్పుడు అసర్ తర్వాత కూడా ఇదే పని. గొంతులో సైతం పొక్కులు లేచి అన్నవాహిక ఇరుకవుతుంది. అందువల్ల అన్నాన్ని మెత్తగా పిసికి, నెయ్యి వేసి, చల్లార్చి పెడతాము.

దర్జీలమైనందుకు అల్లాహ్‌కు మేము ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పుకునే సంగతి ఒకటుంది. బాబు బట్టలన్నీ మేమే కుడతాము. కుట్టుమడతలు ఒంటికి తగలకుండా బయటివైపు ఉంచుతాము. మెడ దగ్గర పట్టీ ఉండదు, గుండీలుండవు, ఎలాస్టిక్ ఉండదు. చూసేవారికి చొక్కా తిరగేసి తొడిగినట్టుంటుంది. పండుగనాడు ఈద్గాహ్ దగ్గర ఒక పెద్దాయన "బాబూ, చొక్కా తిరగేసుకున్నావు" అన్నారు. "లేదు దాదా, నాది ఇదే సరైన వైపు" అన్నాడు వాడు.

మా ఇంటికి వచ్చేవారి మాటలు మూడు రకాలు. అంటుకుంటుందేమోనని భయపడేవారు కొందరు. ఇది అంటువ్యాధి కాదు. ముట్టుకున్నా, ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే చాప మీద నమాజు చేసినా రాదు. దిష్టి అనో, ఎవరో చేసిన పాపమనో చెప్పేవారు మరికొందరు. మూడవ రకం వారు మంచి మనసుతోనే "సబర్ చేయండి, అయ్యూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) ఎంత ఓర్చుకున్నారో చూడండి" అంటారు. ఆ మాట మాకూ ఇష్టమే. అయితే ఆ మహనీయుని వృత్తాంతంలో మేము రెండు సంగతులు చూస్తాము. ఆయన తన బాధను ప్రభువుకు విన్నవించుకున్నారు. ప్రభువు ఆయనకు స్నానానికీ, తాగడానికీ చల్లని నీటిని ప్రసాదించాడు. అంటే సహనంలో అడగడమూ ఉంది, అందిన సాధనాన్ని వాడుకోవడమూ ఉంది. సహనమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని ఆ వృత్తాంతం మాకు నేర్పలేదు.

బాబుకు ఏడేళ్లు నిండి నమాజు నేర్పే వేళకు వుజూ సంగతి ఎదురైంది. మా మస్జిద్ ఇమామ్ గారు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని విడమరచి చెప్పారు. నీళ్లు పడే చోట నీళ్లు, పట్టీ ఉన్న చోట తడిచేతితో తేలికగా మసహ్, అదీ కష్టమైననాడు తయమ్ముమ్. సజ్దాలో మోకాళ్ల కింద మెత్తని దిండు వేసుకుంటాడు. అదీ కుదరనినాడు కుర్చీలో కూర్చుంటాడు. ధర్మం తనను మినహాయించి పక్కన పెట్టలేదని, తన ఒంటికి తగినట్టు దారి ఇచ్చిందని వాడికి తెలిసింది.

ఇక వైద్యం సంగతి. బాబుకు రెండేళ్లప్పుడు హైదరాబాదులో రక్తపరీక్ష చేసి, జన్యువులో లోపం ఎక్కడుందో తేల్చారు. "మందు ఉందా?" అని అడిగాము. "పుండ్లకు సేవ ఉంది, మూలానికి ఇప్పటికి లేదు" అన్నారు వైద్యురాలు. ఆనాటినుంచి మూలానికి మందు అనే మాట ఎక్కడ వినబడినా చెవి అటే పోతుంది.

ఆ దారిలో మాకు ముందుగా తెలిసిన కథ ఒక సిరియా బాలుడిది. యుద్ధం నుంచి తప్పించుకుని ఆ కుటుంబం జర్మనీ చేరింది. ఆ బిడ్డకు లామినిన్ లోపించే రకపు ఈబీ. 2015లో ఏడేళ్ల వయసులో బోఖుమ్ నగరపు ఆసుపత్రిలో చేరేనాటికి ఇన్ఫెక్షన్ సోకి, ఒంటిమీది పైపొరలో సగానికి మించి ఊడిపోయింది. తండ్రి తన చర్మం ఇచ్చాడు. బిడ్డ శరీరం దాన్ని నిలుపుకోలేదు. ఇక బాధ తెలియకుండా చూసుకోవడమే మిగిలిందని వైద్యులు అనుకునే స్థితి వచ్చింది. అప్పుడు ఇటలీలోని మోడెనాలో పనిచేసే మికేలే డి లూకా అనే శాస్త్రజ్ఞుని బృందం సహాయానికి వచ్చింది.

వారు చేసినది ఇది. బిడ్డ ఒంటిమీద బాగున్న చోటు నుంచి 4 చదరపు సెంటీమీటర్ల చర్మం తీశారు. మన తపాలాబిళ్ల కన్నా పెద్దది కాదు. అందులోని కణాలలోకి, హాని చేయకుండా మార్చిన ఒక వైరస్‌ను వాహనంగా చేసుకుని సరైన జన్యువును పంపారు. ఆ కణాలను పెంచి తెరలు తెరలుగా చర్మం తయారు చేశారు. 2015 అక్టోబరు నుంచి 2016 జనవరి వరకు మూడు శస్త్రచికిత్సలలో ఒంటిమీద దాదాపు 80 శాతం మేర ఆ కొత్త చర్మం పరిచారు. 2016 ఫిబ్రవరిలో బిడ్డ ఇల్లు చేరాడు. 2017 నవంబరులో 'నేచర్' పత్రికలో ఈ వివరాలు వెలువడ్డాయి. అయిదేళ్ల తర్వాత చూసినా ఆ చర్మం నిలకడగానే ఉంది. మామూలు చర్మంలాగే అది తనను తాను కొత్తగా చేసుకుంటూ ఉంటుంది. ఆ బాలుడు బంతి కూడా ఆడుతున్నాడు.

ఇది ఒక్కనాటి అద్భుతం కాదని తెలుసుకున్నప్పుడు మాకు మరింత గౌరవం కలిగింది. 1975లో అమెరికాలో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే ఇద్దరు మనిషి చర్మకణాలను ప్రయోగశాలలో పెంచే పద్ధతి కనుగొన్నారు. 1980ల మొదట్లో ఒళ్లంతా కాలిన బిడ్డలకు అలా పెంచిన చర్మం ప్రాణం పోసింది. 2006లో డి లూకా బృందమే ఒక పెద్ద వయసు రోగికి కాళ్ల మీద కొద్ది మేరకు జన్యువు సరిదిద్దిన చర్మం అతికి చూపింది. అంటే ఒక తపాలాబిళ్లంత చర్మం ఒళ్లంతా పరచుకోవడానికి 40 ఏళ్ల ఓర్పు పట్టింది. సబర్ రోగికే కాదు, వైద్యునికీ కావాలి.

మా బాబుకున్న రకానికి ఇప్పుడు రెండు జన్యు చికిత్సలు అమెరికాలో అనుమతి పొందాయి. మొదటిది 2023 మే నెలలో వచ్చిన వైజువెక్. ఇది పుండు మీద చుక్కలు చుక్కలుగా వేసే జెల్. పెదవుల మీద జ్వరపు పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్‌ను, తాను పెరగలేని విధంగా మార్చి, అందులో కొలాజెన్ జన్యువును ఉంచారు. ఈ జన్యువు చాలా పెద్దది. అంత బరువు మోయగల వాహనం కనుకనే ఆ వైరస్‌ను ఎంచుకున్నారు. అది కణంలోని సొంత జన్యువులలో కలిసిపోదు, కొంతకాలం పనిచేసి పోతుంది. అందుకే వారానికి ఒకసారి చొప్పున మళ్లీ మళ్లీ వేయాలి. 31 మంది మీద జరిగిన పరిశోధనలో, ఒకే రోగి ఒంటిమీద ఒక పుండుకు మందు, మరొక పుండుకు ఉత్త జెల్ వేసి చూశారు. ఆరు నెలలకు మందు వేసిన పుండ్లలో 67 శాతం పూర్తిగా మానాయి. ఉత్త జెల్ వేసిన వాటిలో 22 శాతమే మానాయి.

రెండవది 2025 ఏప్రిల్‌లో అనుమతి పొందిన జెవాస్కిన్. ఇది సిరియా బాలునికి చేసిన దాని బాటలోనిదే. రోగి సొంత కణాలలో జన్యువును సరిదిద్ది, పెంచి, చిన్న చిన్న తెరలుగా చేసి, ఎంతకూ మానని పెద్ద పుండ్ల మీద కుడతారు. కుడతారు అనే మాట చదివినప్పుడు మా ఇద్దరికీ నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి.

ఈ వార్తలు సెల్‌ఫోన్లలో మా వరకు వచ్చేసరికి 'ఈబీకి మందు దొరికింది, ఇక భయం లేదు' అని మారిపోతాయి. కనుక ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఈ చికిత్సలు వేసిన చోట పుండు మానుస్తాయి. అన్నవాహికను బాగుచేయవు. మూసుకుపోయిన వేళ్లను తెరవవు. ఏళ్ల తరబడి మానని పుండ్లలో పుట్టే క్యాన్సర్ భయాన్ని పూర్తిగా తీసివేశాయని ఇప్పుడే చెప్పలేము. వెల సంగతి సరేసరి. జెవాస్కిన్ ధర 30 లక్షల డాలర్లకు పైమాట. మన రూపాయలలో పాతిక కోట్లు దాటుతుంది. జెల్ సైతం ఏడాదికి లక్షల డాలర్ల లెక్కే. షేర్వాణీ కుట్టుకూలితో బతికే మాకు ఆ అంకెలలోని సున్నాలు లెక్కపెట్టుకోవడమే పని.

అయినా ఆశ వదలలేదు. మొదట వచ్చిన రోజున ఏ మందైనా ధనికుల గుమ్మమే చూస్తుంది. కాలం గడిచి, పోటీ పెరిగి, ప్రభుత్వాలు పూనుకుంటే ఆ గుమ్మం నుంచి మన గుమ్మానికి వస్తుంది. మా కర్తవ్యం ఆ రోజు వచ్చేవరకు బాబు వేళ్లు మూసుకుపోకుండా, పుండ్లు కుళ్లకుండా, కండ తరిగిపోకుండా చూడడం. మందు వచ్చిననాడు దాన్ని అందుకోగల శరీరం వాడికి మిగిలి ఉండాలి. ప్రతి ఉదయం మేము చుట్టే పట్టీకి ఈ అర్థం ఉంది.

ఒక బంధువు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "జన్యువులు మార్చడమంటే అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా?" ఆయన భక్తితోనే అడిగారు. ఇమామ్ గారితో, చదువుకున్న పెద్దలతో మాట్లాడి మేము తెలుసుకున్నది ఇది. ఈ చికిత్స రోగి చర్మకణాల వరకే పరిమితం. అతని సంతానానికి సంక్రమించదు. వంశాన్ని మార్చదు, రూపురేఖలను ఇష్టానుసారం ఎంచుకోదు. మనుషులందరికీ సహజంగా ఉండవలసిన కుట్టు ఒకటి ఈ బిడ్డకు లేదు. దాన్ని వేయడం చికిత్సే. విరిగిన ఎముకను సరిగా కూర్చడాన్ని సృష్టిని మార్చడమని ఎవరూ అనరు కదా. పుట్టబోయే తరాల బీజాన్నే మార్చే పని వేరు. దాని దగ్గర పండితులు ఆగమంటారు. ఆ గీత ఎక్కడుందో తెలిస్తే భయం సగం తీరుతుంది.

ఇప్పుడు మా ఇంటి అసలు పరీక్ష చెప్పాలి. మేమిద్దరం అక్కచెల్లెళ్ల పిల్లలం. పెద్దల ఇష్టంతో, మా ఇష్టంతో నికాహ్ జరిగింది. ధర్మం దాన్ని అనుమతించింది. మా ఇద్దరిలోనూ ఆ జన్యువు రెండు ప్రతులలో ఒకటి బాగుంది, ఒకటి లోపించింది. ఒక్కటి బాగుంటే చాలు, చర్మానికి ఏమీ కాదు. ఇటువంటి వారిని వాహకులంటారు. ఇద్దరు వాహకుల సంతానంలో ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు వ్యాధి వచ్చే అవకాశం ఉంది. వాహకులు ఎవరైనా కావచ్చు. అయితే దగ్గరి బంధువులకు ఒకే తాత ముత్తాతల నుంచి ఒకే లోపం వచ్చే అవకాశం ఎక్కువ. హిందూ సోదరుల మేనరికాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

మా పెద్దమ్మాయికి ఇరవై ఏళ్లు. ఆరోగ్యంగా ఉంది. తన ఫూఫీ ఇంటినుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడు, బాబును భుజాన మోసి ఆడించినవాడు. మేము సంతోషించాము. కాని నికాహ్ తేదీ పెట్టకముందే పిల్లలిద్దరికీ రక్తపరీక్ష చేయించాలని కోరాము. ఇంట్లో ఒకరి లోపం ఏ చోట ఉందో తెలిసి ఉంటే, మిగతావారి రక్తంలో ఆ ఒక్క చోటు చూస్తే చాలు. ఈబీ ఉన్న బిడ్డకు తోడబుట్టిన ఆరోగ్యవంతులు వాహకులయ్యే అవకాశం మూడింట రెండు వంతులు.

ఆ కోరిక కుటుంబంలో పిడుగులా పడింది. "మా రక్తాన్ని శంకిస్తున్నారా?" అన్నారు ఒకరు. "తవక్కుల్ లేదా?" అన్నారు మరొకరు. ఒంటెను కట్టి ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలన్న బోధ మనందరం విన్నదే. సౌదీ అరేబియాలో 2004 నుంచి పెళ్లికి ముందు సికిల్‌సెల్, తలసీమియా వంటి వంశపారంపర్య రక్తవ్యాధులకు పరీక్ష తప్పనిసరి. అది బంధాలు తెంచడానికి కాదు, తెలిసి ముడివేయడానికి. దగ్గరి బంధువులను చేసుకోవడానికి ధర్మంలో అనుమతి ఉంది, ఆదేశం లేదు. ఆ తేడాలోనే మన పిల్లల క్షేమానికి చోటుంది.

ఫలితాలు వచ్చాయి. ఇద్దరూ వాహకులే. రెండు ఇళ్లూ మూడు రోజులు మాట లేకుండా ఉన్నాయి. నాలుగవ రోజు మా అమ్మాయే ముందుగా నోరు విప్పింది. "ఉదయాన తమ్ముడికి పట్టీలు కట్టేటప్పుడు వాడి పళ్లబిగువు చూస్తున్నదాన్ని. తెలిసి ఇంకొక బిడ్డకు ఆ నొప్పి ఇవ్వలేను అమ్మీ" అంది. ఆ సాయంత్రమే ఫూఫీ వచ్చింది. అమ్మాయిని దగ్గరకు తీసుకుని "నా కోడలివి కాకపోతేనేం బేటీ, మా అన్న బిడ్డవు కదా. నీ పెళ్లికి నేనే ముందుంటాను" అంది. అబ్బాయి కూడా వచ్చాడు, ఎప్పటిలాగే బాబుతో క్యారమ్స్ ఆడి వెళ్లాడు. సంబంధం కలవలేదు, బంధుత్వం తెగలేదు. మా అమ్మాయికి వచ్చే సంబంధం వారికి ఈ సంగతి ముందే చెబుతాము. వాహకత్వం రోగం కాదు, కళంకమూ కాదు. అవతలివారు వాహకులు కాకపోతే వారి బిడ్డలకు ఈ వ్యాధి రాదు.

చదివే సోదర సోదరీమణులకు మా విన్నపాలు కొన్ని. మీ వంశంలో చర్మం ఊడే బిడ్డలు, కారణం తెలియక పసితనంలో పోయిన బిడ్డలు ఉంటే ఆ సంగతి దాచకండి. నికాహ్‌కు ముందు జన్యు సలహా తీసుకోండి. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ వంటి ప్రభుత్వ సంస్థలో వంశపారంపర్య వ్యాధుల పరీక్షలు జరుగుతాయి. ఈబీ కుటుంబాలకు తోడుగా డెబ్రా ఇండియా అనే సంస్థ ఉంది. మూలికతోనో తాయెత్తుతోనో జన్యువు మారుతుందని డబ్బు అడిగేవారికి మీ కష్టార్జితం ఇవ్వకండి. ఆ డబ్బుతో మంచి పట్టీలు కొనండి. జకాత్, సదఖా ఇచ్చేటప్పుడు మందులతోపాటు అతుక్కోని పట్టీల పెట్టె కూడా ఒక దానమేనని గుర్తుంచుకోండి. అటువంటి బిడ్డ మీ మస్జిద్‌కు వస్తే పక్కన నిలబడండి. భుజం నొక్కకండి, సలామ్ చెప్పండి.

మా బాబు ఈ మధ్య ఒక ప్రశ్న అడిగాడు. "జర్మనీ అబ్బాయి కుట్టు వేరు, నా కుట్టు వేరు అన్నారు కదా. నా కుట్టు మన ఊరికి ఎప్పుడు వస్తుంది?" వాడికి మేము తేదీ చెప్పలేదు. దూరాన కొందరు మంచి మనుషులు దానిమీదే పనిచేస్తున్నారని, ఇక్కడ వాడు వేళ్లు చాచి పట్టీ కట్టించుకోవడం కూడా అందులో ఒక భాగమని చెప్పాము. వాడు వేళ్లు చాచాడు.

నొప్పిలో ఉన్న ప్రతి బిడ్డకూ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. ఆ స్వస్థతకు దారి వెదికే చేతులకు, అవి ఏ దేశానివైనా, బలమిచ్చుగాక. ఆ మందు పేదవాని ఇంటికి చేరే రోజును మనందరికీ చూపించుగాక. ఆమీన్.